నడుముకి కట్టిన ఎర్రగుడ్డ

1926 జూన్ పంతొమ్మిదో తేదీ, శనివారం, సాయంత్రం నాలుగూ పదికి మా సింహాద్రి చిన్నాన్న వీధిలోంచి ఇంట్లోకి వెనక్కి నడుచుకుంటూ వచ్చి, అదే ఊపున వంటింట్లోకి వెళ్ళి, ఎండుచేపల చేటలో కాలు పెట్టాడు. ఈ వ్యవహారం మొదలైంది అప్పుడే. గంట ఎలా తెలుసని అడిగితే చెబుతాను. నాలుగింటికి బియ్యం మిల్లు కూత వేసింది, కూతతోబాటే నాన్న టీ గ్లాసు అందుకున్నాడు, ఆ గ్లాసు అడుగంటేసరికి ఇది జరిగింది. నాన్న టీకి పది నిమిషాలు. అంతకు మించి ఆయన ఏ టీతోనూ కూర్చోలేదు.

"ఒరే సిమాద్రీ! మనిసన్నోడు ముందుకి నడుత్తాడు గదరా. దెయ్యం గానీ పట్టిందేటి?" అంది మామ్మ.

"నన్ను మాటాడించకే అమ్మా. గుంట నడుం సూత్తన్నాను," అన్నాడు చిన్నాన్న, చేపల్లోంచి కాలు తియ్యకుండానే.

ఆ గుంట, అంటే పిల్ల, నేనే. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నేను ఆయన మీదికి నడుచుకుంటూ రావాలి, ఇష్టమొచ్చినప్పుడు ఎడమకో కుడికో తిరగాలి, ఆయన నన్ను ముట్టకుండా, నాకు వీపు చూపించకుండా, నేనెటు వెళితే అటు నాకు అడ్డంగా ఉండాలి. దీనికి కూలీ రోజుకో బెల్లం ముక్క. నేను ఎడమకి తిరుగుతానని తల ఊపి కుడికి తిరిగాను కాబట్టి చేపల నేరం సగం నాదని మామ్మ తీర్పు చెప్పింది. అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. ఆయన చూడవలసింది నా తల కాదు.

పోయిన నెల ఒక పిల్ల రంగూనులో, తామ్వే పేటలో నేనుండే మేడ మెట్లెక్కి వచ్చి, ఒక ఎర్రగుడ్డ పేలిక నా చేతిలో పెట్టింది. విప్పకముందే అదేమిటో నాకు తెలిసింది. ఆ పిల్ల ఎవరి మనవరాలో చెప్పవలసిన చోట చెబుతాను. ముందు ఆ గుడ్డకి ఒక నడుము ఎలా దొరికిందో చెప్పాలి.

అప్పుడు మేం అదే ఊళ్ళో చిమిండైంగ్‌లో, నది ఒడ్డున ఉండేవాళ్ళం. సందంతా మన తెలుగువాళ్ళే, విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. గుంజల మీద నిలబెట్టిన చెక్క ఇళ్ళు, కింద బురద, బురద మీద పరిచిన పలకలు. పొద్దున్న లేచేసరికి మిల్లు తవుడు వాసన, ఎండెక్కితే బజారులోంచి నప్పి, అంటే పులిసిన చేపల ముద్ద వాసన, పొద్దుగూకితే ప్రతి ఇంటి నుంచీ సాంబ్రాణి. వానాకాలంలో బట్టలు పొయ్యి మీద కట్టిన తాడుకే ఆరేవి కాబట్టి మా అందరి ఒళ్ళూ పులుసు వాసన వేసేవి. మామ్మ గుమ్మంలో కూర్చుని అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. ఎదురింటి బర్మా ముసలమ్మ మూరెడు చుట్ట పట్టుకుని పొగ గాలిలోకి వదులుతుంటే మామ్మకి ప్రాణం ఉసూరుమనేది. "సూడే, అంత పొగా ఊరికే పారబోసీసింది," అనేది నాతో. మామ్మకి వృథా గిట్టదు. ఆ గుణం నాకూ వచ్చింది.

మా సందుకి ఒక అమ్మవారుంది. ఏటా ఆశ్వయుజంలో ఆమె ఘటాన్ని ఒక పెళ్ళికాని పిల్ల నెత్తిన పెట్టి రేవుదాకా ఊరేగించేవారు. ఘటానికి ముందు ఒక మగవాడు ధూపం చట్టి పట్టుకుని, అమ్మవారికి ఎదురుగా, వెనక్కి నడుస్తూ వెళ్ళాలి. దాన్ని ఎదురునడక అనేవారు. అమ్మవారికి వీపు చూపించకూడదు. ఘటం ఎత్తుకున్న పిల్లని ముట్టకూడదు. ఆమె ఆగితే ఆగాలి, పూనకమొచ్చి ఊగితే ఊగినవైపు జరగాలి, ఏం జరిగినా చూపు తిప్పకూడదు. ఇరవై ఏళ్ళుగా ఆ పని చేసిన బంగారయ్య తాత అంతకుముందు సంవత్సరం చట్టితో సహా మురుగుకాలవలో పడిపోయాడు. ఇక కొత్తవాణ్ణి చూసుకోవాలి. కావాలన్నవాళ్ళు ఇద్దరు, మా చిన్నాన్న ఒకడు, నాలుగిళ్ళ అవతలి పైడిరాజు ఒకడు. ఇద్దరూ మిల్లులో బస్తాలు కుట్టేవాళ్ళే, ఇద్దరికీ ఇరవై దాటి ఒకటి రెండేళ్ళు.

సందు పెద్ద అప్పలసామి మేస్త్రీ ఒక మాట వేశాడు. ఆయన కూతురు గౌరమ్మ ఆ ఏడు ఘటం ఎత్తుకోవలసిన పిల్ల. "నా కూతురికి ఎదురుగా రేవుదాకా ఎనక్కి నడిసినోడికే నా కూతుర్నిత్తాను. అమ్మోరి దగ్గిర తప్పనోడు ఆడదాని దగ్గిరా తప్పడు," అన్నాడు. దానితో ఎదురునడక కాస్తా పెళ్ళి బేరమైంది. చిన్నాన్న అప్పటికే రెండేళ్ళుగా గౌరమ్మ నీళ్ళకి వచ్చే వేళకి కుళాయి దగ్గర ఏదో ఒకటి కడుక్కుంటూ ఉండేవాడు. మా ఇంట్లో అంత శుభ్రమైన కడవ ఎప్పుడూ లేదు. నాకు బెల్లం ఇస్తూ ఒకసారి అన్నాడు, "సూడమ్మీ, ఈడినించి రేవుదాకా ఆమె మొకం సూత్తా నడవడఁవే పని. ఎవుడికి దొరుకుతాదే అలాటి పని?"

చిక్కల్లా ఎవడు బాగా నడుస్తాడో తేల్చడం ఎలా అన్నదే. పండగ రోజు తప్ప ఘటం బయటికి తీయకూడదు. ఘటం లేకుండా నడిస్తే అది ఊరికే వెనక్కి నడవడం, అది ఎవడైనా నడుస్తాడు. పెద్దలు వారం రోజులు చుట్టలు కాల్చి ఏమీ తేల్చలేకపోయారు. అప్పుడు దొరికాడు పర్డీ దొర.

పర్డీ దొర మిషను బడిలో కవాతు మాస్టారు. అమెరికావాడు. రంగూనులో అప్పటికే ఫుట్‌బాల్ అంటే పిచ్చి, చెప్పుల్లేని కాళ్ళతోనే వానల్లో ఆడేవారు. దొర కూడా ఫుట్‌బాల్ అన్నాడు కానీ ఆయన తెచ్చిన బంతి బొప్పాయంత పనసపిక్కలా ఉండేది, దాన్ని తన్నడం కంటే విసరడం ఎక్కువ. ఒకడు వెనక నిలబడి విసురుతాడు, ఒకడు మైదానం అంచున ముందుకి పరుగెత్తి దాన్ని పట్టుకోవాలి, అవతలి జట్టువాడు ఒకడు వాడికి ఎదురుగా నిలబడి, వెనక్కి నడుస్తూ, వాడు పట్టుకోకుండా కాపు కాయాలి. ఆ కాపు కాసేవాడికి దొర ఏదో ఇంగ్లీషు పేరు చెప్పాడు. మావాళ్ళు అంచుకాపు అన్నారు. దొర అంతకుముందు తెలుగు దేశంలో ఎక్కడో పాత పుస్తకాలు పెట్టుకుని తెలుగు నేర్చుకున్నాడు. ఆ భాష మాట్లాడే మనిషిని మేం అంతకుముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. బడి పిల్లలు చాలక మిల్లు కుర్రాళ్ళని పిలిచాడు. చిన్నాన్నా పైడిరాజూ వెళ్ళారు. ఇద్దరూ ఒకే జట్టు, ఆ అంచున ఒకడు, ఈ అంచున ఒకడు.

మేస్త్రీ మొదటిరోజు మైదానానికి వచ్చింది అల్లరెక్కువైందని తిట్టడానికి. వచ్చి, నోరు తెరిచి, తెరిచినది తెరిచినట్టే నిలబడిపోయాడు. ఎదురుగా కో టిన్ అనే బర్మా కుర్రాడు గుర్రంలా పరుగెత్తుకొస్తున్నాడు, మా చిన్నాన్న వాడికి ఎదురుగా మోకాళ్ళు వంచి, చిన్న చిన్న అడుగులతో వెనక్కి పోతున్నాడు.

"ఓరి, ఇది మన ఎదురునడకే గదరా!" అన్నాడు మేస్త్రీ. "ఏటయ్యా దొరబాబూ, ఆణ్ణి ముట్టుకోవచ్చా?"

"బంతి వచ్చువరకు ముట్టరాదు, సోదరా. ముట్టినయెడల అపరాధము," అన్నాడు దొర.

"సూపో?"

"శిరస్సు వంచించును. భుజములు వంచించును. నేత్రములు మిక్కిలి వంచించును. నడుము మాత్రము వంచింపజాలదు. కావున నడుమునే చూడవలెను."

మేస్త్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సముద్రం అవతలి నుంచి వచ్చినవాడికి కూడా ముట్టకూడదని తెలుసు, చూపు తిప్పకూడదని తెలుసు. ఇంకేం కావాలి? ఘటం నెత్తినుంటే ఘటాన్ని చూస్తారు, లేకపోతే నడుమునే చూస్తారు, అంత తేడా పరవాలేదని ఆయన అక్కడికక్కడే సర్దుకున్నాడు. ఆ సెప్టెంబరు చివరిదాకా శనివారం శనివారం పరీక్ష జరిగేటట్టూ, ఆఖరి శనివారం తీర్పు చెప్పేటట్టూ నిర్ణయమైంది. ఈ సంగతి దొరకి పూర్తిగా తెలియదు. ఆయన తన ఆట తెలుగువాళ్ళ గుండెల్లో నాటుకుందని అమెరికాకి ఉత్తరాలు రాసుకున్నాడు.

న్యాయమూర్తులు ముగ్గురు. మేస్త్రీ, మా మామ్మ, బంగారయ్య తాత. పడిపోవడంలో ఆయనకున్న అనుభవం మిగిలినవాళ్ళకి లేదు కాబట్టి తాతని పెట్టారు. వాళ్ళ బల్ల మైదానానికి పక్కన వెయ్యలేదు. వెనక్కి నడిచేవాడి మడమలు కనబడాలంటే బల్ల వాడి వెనకే ఉండాలని తాత పట్టుబట్టాడు. అందుకని మైదానం చివరి గీత అవతల, అంచుకాపులిద్దరి వీపుల వైపు వేశారు. గౌరమ్మ కూడా అదే బల్ల మీద కూర్చోవాలి. "ఘటం ఎత్తుకునేది నువ్వు. ఎదర నడిసీవోడు ఎలా కదలాలో నీకూ తెలియాల. ఆ నడుం మీంచి సూపు తియ్యకు," అని తండ్రి ఆజ్ఞ. గౌరమ్మ చెప్పిన మాట వినే పిల్ల. చూపు తియ్యలేదు. నా పని అడుగుల సంగతి చూడటం. వెనక్కి నడిచేటప్పుడు ఒక కాలు రెండో కాలి మీదుగా పోతే తప్పు, తప్పుకో చింతపిక్క కొబ్బరిచిప్పలో వెయ్యాలి. రెండు చిప్పలు, చిన్నాన్నకొకటి, పైడిరాజుకొకటి.

అంచుకాపుని తూచడం తేలిక పని అనుకునేవాళ్ళకి ఒక మాట. మొదట నిలబడే చోటే చూడాలి. పైడిరాజు కో టిన్‌కి ముక్కుకి ముక్కుగా నిలబడేవాడు, ఎందుకంటే ఘటానికి అలాగే నిలబడతారు. చిన్నాన్న దొర చెప్పినట్టు జానెడు లోపలికి ఓరగా నిలబడేవాడు. "ఆ గీత కూడ నీ సోదరుడే. వానిని నీ సోదరుని యొద్దకు తోలుము," అనేవాడు దొర. అంటే పరుగెత్తేవాడికి లోపలి దారి మూసేసి అంచు వైపే దారి వదిలితే, వాడంతట వాడే గీత దాటిపోతాడు. ఇది తెలివైన పద్ధతే. కానీ ఓరగా నిలబడితే అమ్మవారి మీద అనుమానం ఉన్నట్టుంటుందని మేస్త్రీ, చిన్నాన్నకి ప్రతిసారీ ఒక మార్కు తగ్గించేవాడు. తర్వాత మడమలు. పైడిరాజు మడమల మీద బరువు వేసేవాడు, వేళ్ళు లేచేవి. చిన్నాన్న బరువు ముందుపాదాల మీదే, మడమలు నేలకి కాగితం పట్టేంత ఎత్తున. "ఆడికి పడే యోగం నేదు," అనేవాడు తాత చిన్నాన్నని చూసి, కొంచెం నిరాశగా. తర్వాత చూపు. పైడిరాజు బంతి లేచినప్పుడల్లా ఆకాశం చూసేవాడు. మామ్మ చుట్ట తీసి, "కాకుల్ని లెక్కెడతన్నాడేటి ఈడు?" అనేది. ఎవరు గెలుస్తున్నారో, ఎన్ని పాయింట్లో మా బల్ల మీద ఒక్కరూ అడగలేదు. చిన్నాన్న వాళ్ళ జట్టు వారం వారం చిత్తుగా ఓడుతోందని దొర బాధపడితే, "ఓడనీవయ్యా, మడమలు సూడు ఎంత బాగున్నాయో," అని మామ్మ ఓదార్చింది.

దూరం నుంచి తాతకి కో టిన్ నడుము ఆనేది కాదు. అందుకని ఆగస్టులో మేస్త్రీ ఇంట్లోంచి ఎర్రగుడ్డ తెప్పించాడు. కిందటేడు అమ్మవారికి పెట్టిన రవికెగుడ్డ. దాన్ని గౌరమ్మ పంటితో అంచు కొరికి నిలువుగా చింపింది, దొర తీసుకెళ్ళి కో టిన్ లుంగీ మీద నడుముకి కట్టాడు. అమ్మవారి గుడ్డ కట్టినవాడు ఇక మామూలు మనిషి ఎలా అవుతాడు? మరుసటి వారం నుంచి సందులో ముసలమ్మలు ఆట మధ్యలో వాడి కాళ్ళ మీద పసుపునీళ్ళు పోసేవారు. కో టిన్ తల్లి బజారులో మొహింగా అనే చేపల పులుసు సేమ్యా అమ్మేది. ఆవిడ ఆ పులుసు కలుపుతూ మామ్మతో అన్న మాట నాకు గుర్తే, "మీ తెలుగువాళ్ళు నా కొడుకుని బతికుండగానే నాట్‌ని చేసేశారమ్మా!" నాట్ అంటే వాళ్ళకి ఊరి దేవత. కొడుకు మాత్రం పసుపు కాళ్ళతో, ఏమీ అర్థం కాకపోయినా, బల్ల వైపు చూసి నవ్వేవాడు. మేమంతా నడుమునే చూస్తున్నాం కాబట్టి ఆ నవ్వు ఎవరికో ఎవరూ గమనించలేదు.

ఇంట్లో పద్ధతులు మారిపోయాయి. అమ్మ అన్నం తెస్తుంటే చిన్నాన్న ఆమె ఎదుట వెనక్కి నడుస్తూ పీటదాకా వచ్చి, తిరగకుండానే కూర్చునేవాడు. మిల్లుకి వెనక్కే వెళ్ళేవాడు. ట్రాము వెనక్కే ఎక్కబోతే కండక్టరు దింపేశాడు. ఒక్క విషయంలోనే దొరకీ మేస్త్రీకీ పడలేదు. పరుగెత్తేవాడు చెయ్యి చాస్తే అందేంత దగ్గరికి వచ్చాక వెనక్కి నడవడం పనికిరాదు, నడుము తిప్పి వాడితోబాటు ముందుకి పరుగెత్తాలి, ఆ తిరగడంలోనే అంచుకాపు విద్య అంతా ఉంది అని దొర. "అమ్మోరికి ఈపు సూపిత్తావేటి? తిరిగినోడు నా అల్లుడు కాడు," అని మేస్త్రీ. చిన్నాన్న ఇద్దరికీ తల ఊపేవాడు. ఆ మూడు నెలలూ ఒక్కసారి కూడా తిరగలేదు. కో టిన్ దగ్గరికొస్తున్నకొద్దీ ఆయన వెనకడుగులు ఇంకా వేగమయ్యేవి, మనిషి పరుగు కంటే వేగంగా వెనక్కి పోవడం నేను ఆయన దగ్గరే చూశాను. ఆయన కాస్తుండగా కో టిన్ ఒక్క బంతీ పట్టలేదు.

ఆఖరి శనివారం సెప్టెంబరు ఇరవై అయిదు. పొద్దుటినుంచీ కురిసిన వాన మూడింటికి ఆగింది. మైదానం చివర మా బల్ల, బల్లకి ఎడమ పక్కగా నదిలో కలిసే కాలవ నిండుగా ఉంది. కో టిన్‌ని ముందు పైడిరాజు వైపు పంపారు. బంతి లేచింది. కో టిన్ పరుగెత్తాడు. పైడిరాజు వెనక్కి, వెనక్కి, చివరి గీత దాటి వెనక్కి, జనం దండాలు పెట్టి దారి ఇస్తే ఆ దారిలోంచి వెనక్కి వెళ్ళి కాలవలో పడ్డాడు. పైకి తేలేటప్పుడు గడ్డం అక్కడ కట్టేసిన పడవ అంచుకి తగిలి ముందుపళ్ళు రెండు ఊడాయి. అప్పుడు కూడా మొహం కో టిన్ వైపే ఉంది. బంతి ఎక్కడ పడిందో ఎవరికీ తెలియదు.

"పడ్డాడు గానీ తిరగనేదు!" అని మేస్త్రీ లేచి నిలబడ్డాడు.

"ఎదురుగానే పడినాడు. నానయితే పక్కకి పడినాను," అన్నాడు తాత. తనకంటే మంచివాడు దొరికాడని ఆయన గొంతులో ఒప్పుకోలు ఉంది.

ఇక చిన్నాన్న. ఆయన కాలవలో పడకుండా వెనక్కి నడిస్తే చాలు, గౌరమ్మ ఆయనదే. నా పక్కన ఆయన చిప్పలో ఒక్క చింతపిక్క కూడా లేదు. బంతి లేచింది. కో టిన్ వస్తున్నాడు, నడుముకి ఎర్రగుడ్డ ఎగురుతోంది. చిన్నాన్న మడమలు మా వైపు వస్తున్నాయి, ఒకదాన్నొకటి ముట్టకుండా, పొంగిన పాల మీద మీగడలా తేలుతూ.

"తిరుగుము, సోదరా, తిరుగుము!" అని దొర.

"తిరగొద్దొరే!" అని సందు సందంతా.

చిన్నాన్న తిరిగాడు. అంత చక్కగా తిరగడం ఎవరైనా చూశారో లేదో. ముందు నడుము, తర్వాత భుజం, తర్వాత తల, పాదం ఎక్కడా తొట్రుపడలేదు. తిరిగినవాడు పరుగెత్తాలి కదా, పరుగెత్తలేదు. మా బల్లకి ఎదురుగా నిలబడిపోయాడు, చేతులు రెండూ కొంచెం ముందుకి చాచి. ఆ చేతుల్లోకి పైనుంచి బంతి వచ్చి పడింది. దాన్ని ఆయన చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. దొర బురదలో మోకాళ్ళ మీద కూలబడి, ఏడుస్తూ, "పదునెనిమిది వత్సరములుగా ఇట్టి దానిని చూచియుండలేదు," అన్నాడు. మా బల్ల దగ్గర మేస్త్రీ కండువా దులుపుకున్నాడు.

"తిరిగీసినాడు," అన్నాడు. తీర్పు అంతే. గౌరమ్మని పైడిరాజుకి ఖాయం చేశారు. ఆ కోపంలోనే మేస్త్రీ చిన్నాన్న చేతుల్లోంచి బంతి లాగి కాలవలో పారేశాడు. అది చాలాసేపు మునగలేదు.

ఇంటికొచ్చాక మామ్మ అడిగింది, "ఎందుకు తిరిగినావురా బాబూ?"

"బంతొచ్చింది గదే," అన్నాడు చిన్నాన్న. మామూలుగా, ముందుకి నడిచి వెళ్ళి పీట మీద కూర్చున్నాడు.

బర్మావాళ్ళు వానాకాలం మూడు నెలలు వాసో వ్రతం పట్టి పెళ్ళిళ్ళు చేసుకోరు. దీపాల పండగతో ఆ అడ్డు తీరుతుంది. ఆ ఏడు దీపాల పండగైన మూడో రోజున మా అమ్మవారి ఊరేగింపు. తెల్లవారి ఘటానికి వేపమండలు కట్టి, పసుపు రాసి, గౌరమ్మ కోసం చూస్తే గౌరమ్మ లేదు. మొహింగా అమ్మే ఆవిడ ఆ పొద్దున్న అంగడి తెరవలేదు. మధ్యాహ్నానికి తెలిసింది, గౌరమ్మా, కో టినూ ఇన్సేన్‌లో వాడి మేనమామ ఇంట్లో పెద్దల కాళ్ళకి మొక్కి పెళ్ళైందనిపించుకున్నారని. మేస్త్రీ మా గుమ్మం ముందు నిలబడి అరిచాడు, "మూడు నెల్లు ఒకే బల్ల మీద కూకున్నారు గదే! ఎవులూ కనిపెట్టనేదేటి? ఎలా జరిగిందిది?"

మామ్మ నోట్లోంచి చుట్ట తీసింది. "ఎలా ఏటి బాబూ? నడుం మీంచి సూపు తియ్యకన్నావు. బిడ్డ తియ్యనేదు."

నా నెత్తికి ఘటం బరువన్నారు, ఆ ఏడు మామ్మే ఎత్తుకుంది. పెళ్ళికాని పిల్ల మళ్ళీ దొరికేదాకా ముసలిదైనా పరవాలేదని అమ్మవారే సర్దుకోవలసి వచ్చింది. పైడిరాజు వాచిన మూతితో మంచం దిగనన్నాడు. చిన్నాన్నని అడిగే మొహం మేస్త్రీకి లేదు. ఎదురు ఎవరూ నడవలేదు.

చిన్నాన్న తర్వాత ఇన్సేన్ రైలు కర్మాగారంలో పనికి కుదిరాడు. అక్కడే ఉండిపోయాడు, పెళ్ళి చేసుకోలేదు. సందులోవాళ్ళు ఎదురుపడ్డప్పుడల్లా "ఆ ఒక్కపాలి తిరక్కపోతే ఆ పిల్ల నీదే గదరా," అనేవారు. నవ్వేవాడు. నాకు పెళ్ళై పిల్లలు పుట్టాక ఒకసారి ఆయన్ని చూడటానికి వెళ్ళాను. వానలో వసారాలో కూర్చుని, శనగలు తింటూ, నేను అడక్కుండానే చెప్పాడు.

"నాను బంతి కోసం తిరగనేదే అమ్మీ. మూడు నెల్లు ఎనక్కి నడిసినాను. ఆమె నా ఎనకాల కూకున్నాదని తెల్సు. ఒక్క శనోరమూ ఆమె మొకం సూణ్ణేదు. ఆఖర్రోజు గదా, ఓపాలి సూద్దారనిపించింది."

"మరి చూశావా?"

"సూసినాను. బాగున్నాది. నన్ను సూత్తం నేదు. నా బుజం మీంచి ఎనక్కి సూత్తన్నాది." కొన్ని శనగలు నమిలాడు. "ఆమె మొకం సూసినాక నాకింక ఎనక్కి తిరగాలనిపించనేదు."

"బంతి?"

"అదెప్పుడొచ్చిందో నాకు తెల్దే. సేతుల్లో ఉన్నాది."

పోయిన నెల ఎర్రగుడ్డ తెచ్చిన పిల్ల గౌరమ్మ మనవరాలు. పేరు మా విన్, మందుల దుకాణంలో పని. "మామ్మా, నాకు తెలుగు వస్తాది, కానీ నోట్లోకి రాదు," అంది. మిగతాదంతా బర్మా భాషలోనే చెప్పింది. గౌరమ్మ ఈ వానల్లో పోయిందట. పెట్టెలో ఈ గుడ్డ ఉందట, కో టిన్ పోయిన రోజున దాన్ని కాసేపు మెడకి చుట్టుకుని మళ్ళీ మడత పెట్టేసిందట. "ఇదేమిటి మామ్మా?" అని అడిగింది. చెప్పాను. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, అంచుకాపు కాసిన ఆయన ఫోటో ఉందా అంది. లేదు. ఉన్నా ఫోటోలో మడమలు కనబడవు.

సాయంత్రాలు కింద ఇంటివాళ్ళ టీవీలో ఫుట్‌బాల్ వస్తుంది. కుర్రాళ్ళు గోల గోలగా చూస్తారు. నేనూ దిగి వెళ్ళి కూర్చుంటాను. అందరూ బంతినే చూస్తారు. బంతిని చూడటానికి ఏం కావాలి, కళ్ళుంటే చాలు. అంచున ఒకడు ఎదుటివాణ్ణి కాస్తూ వెనక్కి అడుగులేస్తుంటాడు, వాడి మీద కెమెరా కూడా నిలవదు. "ఆ కుర్రాడి మడమలు చూడండిరా, నేల మీద ఆనించేస్తున్నాడు," అంటే, "ముసలమ్మా, గోలు పడింది, అది చూడు," అంటారు. ఆ రోజుల్లో ఒక మనిషి పాదం ఎక్కడ పడుతుందో సందు సందంతా ఊపిరి బిగబట్టి చూసేది. పాదాలు అంత శ్రద్ధగా చూసి మొహాలు చూడకపోవడం కూడా అప్పటి పద్ధతే, అది కూడా చెప్పాలి.

పోయినవాటి లెక్క ఇది. ఎండుచేపలు ఒక చేటెడు. రవికెగుడ్డ ఒకటి, అందులో పేలిక తిరిగి వచ్చింది. పైడిరాజు పళ్ళు రెండు. పనసపిక్క బంతి ఒకటి. పర్డీ దొర ఉద్యోగం, పసుపునీళ్ళ సంగతి మిషనులో తెలిసి ఆయన్ని క్రిస్మస్ లోపలే ఓడెక్కించారు. ఆ ఏటి ఎదురునడక. మా సందులోంచి ఆడపిల్ల ఒకర్తి. చిన్నాన్న కాస్తుండగా కో టిన్ పట్టిన బంతులు, ఒక్కటీ లేదు. చిన్నాన్నని దాటి వెళ్ళినవాడు, ఒకడు.